దృశ్యశ్రవణ సేవల వ్యాపారం: చంద్రపూర్ జిల్లా

సభకు మాట వినిపించడం, వేదికకు వెలుగు పట్టడం, దూరాన ఉన్నవాళ్లకు తెర మీద చూపించడం, జరిగినదాన్ని రికార్డు చేసి ఇవ్వడం: ఈ పనులను అద్దెకో గుత్తకో చేసిపెట్టే వృత్తికి దృశ్యశ్రవణ సేవలని పేరు. ఆ పేరు ఎక్కువగా టెండరు కాగితాల్లోనే కనిపిస్తుంది. మహారాష్ట్ర తూర్పున, తెలంగాణ పొలిమేరకు ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లాలో మరాఠీవాళ్లు దీన్ని సౌండ్ సర్వీస్ అంటారు. షామియానా, కుర్చీలు, వంటపాత్రలు కూడా ఇచ్చే దుకాణమైతే అది బిచాయత్ కేంద్రం. తెలుగువాళ్ల నోట మాత్రం ఆ దుకాణదారు మైకుసెట్టాయనే, గోదాములో మైకుతోపాటు ఎల్‌ఈడీ వాల్, షార్పీ లైట్లు, నాలుగు కెమెరాలు చేరినా సరే.

ఈ వృత్తిలో సామాను ఎంత ఉందన్నదాని కంటే, అది ఏడాదిలో ఎన్ని రోజులు గోదాము బయట ఉందన్నదే లాభనష్టాలను తేలుస్తుంది. కొత్తగా దిగేవాళ్లు సామాను లెక్కపెడతారు, నిలదొక్కుకున్నవాళ్లు రోజులు లెక్కపెడతారు. చంద్రపూర్ లాంటి చోట ఈ తేడా మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ గిరాకీ ఏడాది పొడవునా సమంగా ఉండదు, వస్తే ఒక్కసారిగా వచ్చి పడుతుంది.

గిరాకీ ఎక్కడిది

గోండు రాజుల రాజధానిగా వెలిగిన చాందాయే నేటి చంద్రపూర్. 1982 ఆగస్టు 26న జిల్లా తూర్పు భాగం గడ్చిరోలి జిల్లాగా విడిపోయింది. ఊరికి నగరపాలక సంస్థ 2011లో వచ్చింది. చుట్టూ వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గనులు, 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం, బల్లార్‌పూర్ కాగితం మిల్లు, ఘుగ్గుస్, గడ్‌చాందూర్ వైపు సిమెంటు కర్మాగారాలు, భద్రావతి దగ్గర ఆయుధ కర్మాగారం ఉన్నాయి. ఉత్తరాన తాడోబా పులుల అభయారణ్యం, దాని గేట్ల దగ్గర రిసార్టులు. ఇన్ని రకాల జనం ఉన్న జిల్లాలో సభలకు కొదవ ఉండదు.

చైత్ర పౌర్ణమికి ముగిసే మహాకాళి జాతరకు మరాఠ్వాడా నుంచి, తెలుగు నేల నుంచి భక్తులు వస్తారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన అంబేద్కర్, రెండు రోజుల తర్వాత 16న చంద్రపూర్‌లో దీక్ష ఇచ్చారు. ఆ జ్ఞాపకంగా ఏటా అక్టోబరు 15, 16 తేదీల్లో ఇక్కడి దీక్షాభూమిలో పెద్ద సభలు జరుగుతాయి. వినాయక చవితి, దసరా, ఏప్రిల్ 14 జయంతి ఊరేగింపులు సరేసరి. చాందా క్లబ్ మైదానంలో పెద్ద సభలు, ప్రియదర్శిని సభాగృహంలో సాంస్కృతిక కార్యక్రమాలు జరుగుతుంటాయి. 2024 మార్చి మొదట్లో తాడోబా మహోత్సవం పేరుతో ప్రభుత్వమే పెద్ద వేదిక కట్టించింది.

వీటన్నిటికంటే ఈ ప్రాంతానికే ప్రత్యేకమైనది ఝాడీపట్టీ రంగస్థలం. చంద్రపూర్, గడ్చిరోలి, భండారా, గోందియా జిల్లాల్లో వరి కోతలయ్యాక, దీపావళి తర్వాత మొదలై వేసవి ముదిరేదాకా సాగే నాటకాల పంట ఇది. గడ్చిరోలి జిల్లాలోని వడసా దీనికి కేంద్రం. డజన్ల కొద్దీ నాటక కంపెనీలు అక్కడ కార్యాలయాలు తెరిచి, ఊళ్లవాళ్లతో బేరం కుదుర్చుకుని బయలుదేరతాయి. జాతరనాడో, ఎడ్లబండ్ల పందెం నాడో రాత్రి మొదలైన నాటకం తెల్లవారే దాకా నడుస్తుంది. ఈ రంగస్థల నటుడు పరశురామ్ ఖుణేకు 2023లో పద్మశ్రీ దక్కింది. సినిమా, టీవీ, సెల్‌ఫోను వచ్చాక కూడా టికెట్టు కొని నాటకం చూసే పల్లెలు దేశంలో ఎన్ని మిగిలాయో చూసుకుంటే దీని విలువ తెలుస్తుంది. సౌండు పనివాళ్లకు ఇది బడి లాంటిది. వేదిక మీద కదిలే పదిమంది గొంతులను, హార్మోనియంను, తబలాను కూత రాకుండా వెనక వరసకు చేర్చడం డీజే పాట గట్టిగా వేయడం కంటే ఎన్నో రెట్లు కష్టం. ఈ నాటకాల్లో చేయి తిరిగిన ఆపరేటర్ ఏ కంపెనీ సమావేశంలోనైనా నెగ్గుకొస్తాడు.

హారన్ నుంచి వాల్ దాకా

తొలితరం సామాను హారన్ లౌడ్‌స్పీకరు, ఆంప్లిఫయరు, గ్రామఫోను. ఢిల్లీలో 1940లో మొదలైన అహుజా కంపెనీ పేరు దేశంలో చాలాచోట్ల మైకుసెట్టుకే మారుపేరైంది. 1982లో రంగుల దూరదర్శన్ వచ్చాక వీడియో క్యాసెట్లు, వాటి వెంట పెళ్లి వీడియోలు వచ్చాయి. అప్పటిదాకా సౌండు, ఫొటో వేర్వేరు వృత్తులు. డిజిటల్ కెమెరా, కంప్యూటరు ఎడిటింగు వచ్చాక ఈ గోడలు కూలిపోయి, ఒకే మనిషి అన్నీ ఒప్పుకోవడం మొదలైంది.

లైట్లలో మార్పు ఖర్చు మీదే పడింది. వెయ్యి వాట్ల పాత పార్ లైట్లు ముప్పై వెలిగించాలంటే వాటికే ముప్పై కిలోవాట్లు కావాలి, పెద్ద జనరేటరు తెచ్చుకోవాలి. ఎల్‌ఈడీ పార్ వచ్చాక అందులో ఐదో వంతుతో పని జరిగిపోతోంది. లైట్లను నడిపే డీఎంఎక్స్ పద్ధతి మాత్రం 1986 నాటిదే: ఒక తీగలో 512 చానళ్లు. సామాను మారినా భాష మారకపోవడం ఈ వృత్తిలో అరుదు, అందుకే లైటుమ్యాన్ నేర్చుకున్న పని పాతబడలేదు.

2020 మార్చి 25న దేశమంతా మూతపడింది. ఆ ఏడు చైత్ర పౌర్ణమి లాక్‌డౌన్‌లోనే గడిచింది. పెళ్లికి యాభై మంది మించకూడదన్న నియమం రావడంతో సౌండు బాక్సులు గోదాములోనే ఉండిపోయి, కెమెరాకు మాత్రం పని దొరికింది. రాలేని బంధువులకు యూట్యూబ్‌లో పెళ్లి చూపించడం అప్పుడు అలవాటైంది, ఆ తర్వాతా పోలేదు. చంద్రపూర్‌కు ఇంకో చిక్కు కూడా ఉండేది. 2015 ఏప్రిల్ 1 నుంచి జిల్లా అంతటా మద్యనిషేధం. హోటళ్ల విందు హాళ్ల మీద ఆధారపడినవాళ్లు మద్యం లేని విందుల లెక్కలోనే బతకాల్సి వచ్చింది. 2021 మే నెలలో ప్రభుత్వం దాన్ని ఎత్తేయాలని నిర్ణయించింది.

2024 వేసవి: ఒక పాఠం

ఈ వ్యాపారంలో రోజుల పంపకం ఎంత అస్తవ్యస్తంగా ఉంటుందో చూడాలంటే 2024 వేసవి చాలు. ఏప్రిల్ 9 ఉగాది, గుడీ పాడ్వా. 14న అంబేద్కర్ జయంతి. 17న శ్రీరామనవమి ఊరేగింపులు, అదే సాయంత్రం లోక్‌సభ ఎన్నికల ప్రచారానికి గడువు. 19న చంద్రపూర్‌లో తొలి విడత పోలింగు. 23న చైత్ర పౌర్ణమి, మహాకాళి జాతర. పదిహేను రోజుల్లో ప్రతి వాహనానికీ, ప్రతి బాక్సుకూ, ప్రతి ఆపరేటర్‌కూ ఒకటికి రెండు పిలుపులు. ఆ నెలాఖరునే శుక్ర మూఢం మొదలైంది. తెలుగు పంచాంగాల ప్రకారం మే, జూన్ నెలల్లో దాదాపు ముహూర్తాలే లేవు. మరాఠీ పంచాంగాల్లో అత్యవసరానికని కొన్ని గౌణ ముహూర్తాలు చూపుతారు గాని, నిండు వేసవి పెళ్లిళ్లకు అవి సాటిరావు.

ఏప్రిల్ రద్దీ చూసి అప్పు చేసి కొత్త సామాను కొన్నవాడికి మేలో మొదటి కిస్తీ కట్టాల్సి వస్తుంది. అదే నెలలో పక్క ఊరి దుకాణం నుంచి సామాను అద్దెకు తెచ్చి పని ముగించినవాడికి లాభం తక్కువే, కాని మేలో నిద్ర పడుతుంది. అందుకే తెలిసినవాళ్లు గిరాకీ శిఖరానికి సరిపడా సామాను కొనరు. మామూలు వారానికి సరిపడా కొని, మిగతాది నాగపూర్ నుంచో, వర్ధా నుంచో, పోటీదారుడి గోదాము నుంచో తెచ్చుకుంటారు. పోటీదారుడితో మాట పోగొట్టుకోకపోవడం ఈ వృత్తిలో మర్యాద మాత్రమే కాదు, పెట్టుబడి కూడా.

ఎన్నికల పని గురించి ఇంకొక మాట. అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది: 2022 సవరణ తర్వాత మహారాష్ట్ర లాంటి పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభకు 95 లక్షలు, శాసనసభకు 40 లక్షలు. ఆ ఖర్చు లెక్కకట్టడానికి జిల్లా ఎన్నికల యంత్రాంగం లౌడ్‌స్పీకరుకు ఇంత, వేదికకు ఇంత, తెరకు ఇంత అని ధరల పట్టిక వేస్తుంది. ఒకసారి అచ్చయ్యాక ఆ ధరను పెళ్లివాళ్లు కూడా పట్టుకుంటారు. ప్రచార సభల పైకం ముందే పుచ్చుకోవాలన్నది పాత సూత్రం. ఓడినవాడు దొరకడు, గెలిచినవాడు అసలే దొరకడు.

ఎల్‌ఈడీ వాల్ లెక్క

ఇప్పుడు ఎక్కువమందిని ఊరిస్తున్నదీ, ముంచుతున్నదీ ఎల్‌ఈడీ వాలే. అద్దె బజారులో బాగా తిరిగేది 3.91 మిల్లీమీటర్ల రకం, అంటే చుక్కకూ చుక్కకూ మధ్య అంత దూరం. అర మీటరు పలకలో నిలువునా అడ్డంగా 128 చుక్కలుంటాయి. ఏడు పలకలు అడ్డంగా, ఐదు నిలువుగా పేర్చితే అందరూ పన్నెండు బై ఎనిమిది అడుగులు అనే గోడ తయారవుతుంది. నిజానికి దాని మీద ఉన్నవి 896 అడ్డం, 640 నిలువు చుక్కలే. చేతిలోని సెల్‌ఫోను తెర దీనికంటే ఎంతో సూక్ష్మం. పెళ్లికొడుకు తండ్రికి ఆ సంగతి చెప్పాల్సిన పని లేదు. నాలుగు మీటర్ల దూరం నుంచి కళ్లకు తేడా తెలియదు. ఆరుబయట పగటి ఎండలో కనిపించాలంటే మాత్రం సుమారు ఐదు వేల నిట్ల వెలుగు కావాలి. లోపలి హాలు కోసం కొన్న పలకలను మధ్యాహ్నం సభకు పంపి మాటపడ్డవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు.

లెక్క కోసం ఒక గోడకు 8 లక్షలు పెట్టారనుకుందాం. రోజు అద్దె 15,000. కూలీలు, బండి, డీజిలు, ఆపరేటరు కలిపి 6,000 పోతే మిగిలేది 9,000. పెట్టుబడి రావడానికి 89 రోజులు పడుతుంది. ఏడాదికి 30 రోజుల పని ఉంటే మూడేళ్లు. అంతలో ఊళ్లో మరో ముగ్గురు గోడలు కొన్నారు, అద్దె 10,000కు దిగింది. ఖర్చు మాత్రం దిగలేదు. మిగిలేది 4,000, కావలసిన రోజులు 200, అంటే ఆరేళ్లు దాటి ఏడో ఏడు. అద్దె మూడో వంతు తగ్గితే మిగులు సగానికి పైగా తగ్గిందన్నమాట. అన్నేళ్లకు ఆ పలకలూ ఉండవు, ఆ రకానికి విడిభాగాలూ దొరకవు. ఆదాయపు పన్ను చట్టం ఇలాంటి యంత్రాలకు ఏడాదికి 15 శాతం తరుగుదల ఒప్పుకుంటుంది, బజారు అంతకంటే వేగంగా అరగదీస్తుంది.

దీని నుంచి తప్పించుకునే దారి అద్దె పెంచడం కాదు, అది చేతిలో ఉండదు. గోడతోపాటు దాని మీద ఏం కనిపించాలో అది కూడా అమ్మడం ఒక దారి: రెండు కెమెరాలు, స్విచర్, పేర్లు వేసే కంప్యూటరు, దాన్ని నడిపే కుర్రాడు. గోడ ఎవరైనా తెస్తారు, ఆ కుర్రాడు అందరి దగ్గరా ఉండడు.

డెసిబెల్, పదిగంటల కట్టు

శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. 2002 సవరణతో ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే వీలు ప్రభుత్వానికి ఇచ్చారు. 2005 జూలై 18న సుప్రీంకోర్టు ఈ కట్టును బలపరిచింది. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. వ్యాపార ప్రాంతంలో 65, 55. ఆవరణ అంచున సౌండు మామూలు చప్పుడు కంటే 10 డెసిబెళ్లు మించకూడదు, లేదా 75 దాటకూడదు, ఏది తక్కువైతే అది. నలుగురు గట్టిగా మాట్లాడుకుంటేనే 65 దగ్గరకు వస్తుందని గుర్తుంచుకుంటే, ఊరేగింపులో జరిగేదానికీ పుస్తకంలో ఉన్నదానికీ దూరం తెలుస్తుంది. మూసిన హాళ్లకు రాత్రి నియమం నుంచి మినహాయింపు ఉంది. తెల్లవారుదాకా సాగే ఝాడీపట్టీ నాటకానికి మాత్రం పదిగంటల కట్టు సూటిగా అడ్డం వస్తుంది.

మహారాష్ట్రలో ఊరేగింపు సౌండుకు డాల్బీ అని వాడుక పేరు, అమెరికా కంపెనీకీ దానికీ ఏ సంబంధమూ లేకపోయినా. 2016 ఆగస్టులో బొంబాయి హైకోర్టు శబ్ద నియమాల అమలుపై గట్టి ఆదేశాలిచ్చాక గణేశ్ ఊరేగింపుల్లో డాల్బీ మీద పోలీసు కన్ను పడింది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. బేసులు, టాపులు లారీ ఎత్తుకు పేర్చుకున్నవాళ్లకు సామానే ముప్పుగా మారిన కాలమిది. పైగా భౌతికశాస్త్రం కూడా వాళ్ల వైపు లేదు. పదివేల వాట్లను ఇరవైవేలు చేస్తే పెరిగేది మూడు డెసిబెళ్లే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పది కావాలి, అంటే పదింతల శక్తి. అదే డబ్బుతో చిన్న బాక్సులను జనం మధ్య నాలుగు చోట్ల నిలబెడితే అందరికీ మాట స్పష్టంగా వినపడుతుంది, ఫిర్యాదూ రాదు. దూరపు బాక్సులకు మీటరుకు మూడు మిల్లీసెకన్ల లెక్కన ఆలస్యం పెట్టాలి, లేకపోతే మాట రెండుసార్లు వినిపిస్తుంది. చంద్రపూర్ మే ఎండలో ధ్వని వేగం సెకనుకు 358 మీటర్ల దాకా పెరుగుతుంది కాబట్టి ఆ లెక్క కాస్త తగ్గుతుంది, పట్టించుకునేంత కాదు.

పాటల హక్కుల సంగతి చాలామందికి నోటీసు అందాకే తెలుస్తుంది. పెళ్లి ఊరేగింపుకూ, పెళ్లికి సంబంధించిన వేడుకలకూ 1957 కాపీరైటు చట్టంలోనే మినహాయింపు ఉంది. రిసార్టులో కొత్త సంవత్సరం విందుకు లేదు. అక్కడ పాట వేసేముందు 1969 నుంచి ఉన్న ఐపీఆర్‌ఎస్ వంటి సంస్థల లైసెన్సు ఎవరు తీసుకోవాలో ఒప్పందంలోనే రాసుకోవడం మంచిది.

నిశ్శబ్దంగా పెరిగిన పని

ఊరేగింపుల హోరులో కనిపించని గిరాకీ ఒకటి ఈ జిల్లాలో గట్టిగా ఉంది. గనికో, సిమెంటు కర్మాగారానికో, విద్యుత్ కేంద్రానికో విస్తరణ కావాలంటే 2006 పర్యావరణ ప్రభావ ప్రకటన ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, దాన్ని మొదటినుంచి చివరిదాకా వీడియో తీయాలి. ఇంత పరిశ్రమ ఉన్న జిల్లాలో ఈ జనసునావణీలు వస్తూనే ఉంటాయి. ఎన్నికల వేళ నిఘా బృందాలకూ వీడియో మనుషులు కావాలి. ఇక్కడ కళాత్మకత ఎవరూ అడగరు. మాట్లాడిన ప్రతి రైతు గొంతూ తేటగా వినిపించాలి, మధ్యలో ఒక్క నిమిషం తెగకూడదు, కాపీ మర్నాడు ఇవ్వాలి. మరాఠీ, తెలుగు, గోండీ, హిందీ కలగలిసే సభలో మైకు ఎవరి చేతికి ఎప్పుడు అందించాలో తెలిసిన సహాయకుడు కెమెరా కంటే ముఖ్యం.

రెండోది కంపెనీల సమావేశ గదులు. కోవిడ్ తర్వాత వీడియో సమావేశం రోజువారీ పని అయింది. ప్రొజెక్టరు తీసేసి తెర పెట్టడం, పైకప్పు మైకులు బిగించడం, ఏడాది నిర్వహణకు ఒప్పందం రాసుకోవడం: దీంట్లో ఒక్కో పనికి లాభం తక్కువే అయినా మూఢంతో, ఎండతో, ఎన్నికలతో సంబంధం లేకుండా పైకం వస్తుంది. అమెరికా, ఐరోపాల్లోనూ పెట్టెలు అమ్ముకునే లాభం కరిగిపోయి నిర్వహణ ఒప్పందాల వైపు ఈ వృత్తి మళ్లింది.

డ్రోనుకు గిరాకీ ఉన్నా ఈ జిల్లాలో జాగ్రత్త కావాలి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటినదాన్ని వ్యాపారానికి ఎగరేయాలంటే రిమోట్ పైలట్ ధ్రువపత్రం ఉండాలి. పులుల అడవి, ఆయుధ కర్మాగారం, విద్యుత్ కేంద్రం చుట్టుపక్కల ఎగరేయడం పెళ్లి ఆల్బమ్ కోసం పడాల్సిన తిప్పలు కావు.

ఎండ, బొగ్గు ధూళి, తీగలేని మైకు

మే నెలలో 45 డిగ్రీలు దాటడం చంద్రపూర్‌కు మామూలే. నీడలో అంత ఉంటే రేకుల కప్పు కింద పెట్టిన ఆంప్లిఫయరు లోపల ఇంకెంతో ఊహించుకోవచ్చు. అది వేడెక్కి తనంతట తాను ఆగిపోతుంది, సరిగ్గా నాయకుడు మైకు అందుకున్నప్పుడే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేర్చిన పట్టణమిది. గాలిలోని బొగ్గు, సిమెంటు ధూళి ఫ్యాన్ల వడపోతల్లో చేరుతుంది, ఫేడర్ల కింద ఇసుకలా కరకరలాడుతుంది. పని నుంచి తిరిగొచ్చిన సామానును ఆ రోజే బ్లోయరుతో ఊది మూట కట్టడం ఇక్కడ శుభ్రత కోసం కాదు, ఆయుష్షు కోసం.

తీగలేని మైకులకు వేరే గండం వచ్చింది. పాత సెట్లు చాలావరకు టీవీ ప్రసారాల తరంగాల్లో నడిచేవి. 2022 వేలంలో 700 మెగాహెర్ట్‌జ్ పట్టీని సెల్‌ఫోను కంపెనీ కొనుక్కుని 5జీకి వాడుతోంది. ఆ పట్టీలో పనిచేసే మైకు ఉన్నట్టుండి చర్రుమంటే ఆపరేటర్ తప్పు కాదు. జనం మాత్రం అతన్నే చూస్తారు.

గట్టుకు ఇవతలి తెలుగు

రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. గనులకూ మిల్లుకూ వలసవచ్చిన తెలుగు కుటుంబాలు బల్లార్‌పూర్, ఘుగ్గుస్ వంటి చోట్ల స్థిరపడ్డాయి. దసరా ముందు తొమ్మిది రోజులు ఆ వాడల్లో బతుకమ్మ. ఒకే రోజు ఒక వీధిలో గర్బాకు, రెండో వీధిలో దుర్గామాత హారతికి, మూడో వీధిలో బతుకమ్మకు సౌండు పెట్టాల్సి వస్తుంది. ఏ పాటకు చప్పట్లు ఎంత వేగంగా పడతాయో, మధ్యలో పాట ఆపితే ఆడవాళ్ల కోపం ఎంతుంటుందో తెలిసినవాడికే మరుసటి ఏడు పిలుపు. పెళ్లిలో రెండు భాషల్లో మాట్లాడే యాంకరుకు ఇక్కడ ప్రత్యేకమైన ధర.

లక్కడ్‌కోట్ దాటితే వాంకిడి, ఆసిఫాబాద్. రైలు దారిన కాగజ్‌నగర్, మంచిర్యాల. పని అటూ ఇటూ సాగుతుంది. సామాను విలువ 50,000 దాటి రాష్ట్రం గడప దాటితే అమ్మకం కాకపోయినా ఈ-వే బిల్లు, డెలివరీ చలాను బండిలో ఉండాలి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు, సేవ మీద 18 శాతం. పెళ్లివాళ్లు ఆ పద్దెనిమిది చూసి బిల్లు వద్దంటారు, కంపెనీలు బిల్లు లేనిదే లోపలికి రానివ్వవు. రెండు రకాల గిరాకీలను ఒకే పుస్తకంలో నడపలేక నమోదు దాటవేసేవాళ్లు కంపెనీ పనిని శాశ్వతంగా వదులుకుంటున్నారు.

ప్రభుత్వ, ప్రభుత్వరంగ పనుల్లో డబ్బు మునగదు, ఆలస్యమవుతుంది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోగా చెల్లించాలి. 2024 ఏప్రిల్ నుంచి అమలైన ఆదాయపు పన్ను సవరణతో, గడువు దాటించిన కొనుగోలుదారు ఆ ఖర్చును చెల్లించిన ఏడాదిలోనే చూపుకోగలడు. అందువల్ల మార్చి నెలాఖరున ప్రైవేటు కంపెనీల అకౌంట్సు విభాగాల నుంచి ఫోన్లు వాటంతట అవే రావడం మొదలైంది. పెళ్లిళ్ల విషయంలో చట్టం అక్కర్లేదు: బయానా మూడో వంతు, వేదిక కట్టగానే మరో వంతు, వరుడు గుర్రం ఎక్కకముందే మిగతాది. అప్పగింతల తర్వాత బాకీ అడగడం ఎవరికీ ఇష్టముండదు.

తొలితరం హారన్లు పోలేదు. పెళ్లిళ్ల నుంచి వాటిని తీసేశాక ఇనుప సామానుకు వేసినవాళ్లు కొందరు, బ్యాటరీ, చిన్న ఆంప్లిఫయరు జోడించి అమ్మినవాళ్లు కొందరు. చెత్త బండి ఘంటాగాడీ మీద, ఉల్లిపాయల ఆటో మీద, పాత ఇనుము కొంటామనే రికార్డు గొంతుతో అవి పొద్దున్నే వీధుల్లో తిరుగుతుంటాయి. గోదాము చూసిన సామాను మొత్తంలో ఏడాదికి మూడు వందల రోజులు పని దొరికినది అదొక్కటే.